మూడు పసుపు పూసలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం నా కూతురు కింద ఆడుకుని పైకి వచ్చింది. మెడలో పసుపు పూసల దండ. మా అపార్ట్‌మెంట్ ప్రహరీ వెంట పెంచిన కంచె చెట్లను ఈ వానలకు ఎవరూ కత్తిరించలేదు. అవి పూసి, కాసి, గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. పిల్లలంతా కలిసి ఆ కాయలు తెంపి దారానికి గుచ్చుకున్నారట. నేను చేతిలో గరిటె అక్కడే పడేసి, దాని దవడలు పట్టుకుని, నోట్లో వేలు పెట్టి వెతికాను. తినలేదమ్మా, తినలేదు అని అది ఏడుస్తున్నా వదల్లేదు. నాలుక కింద కూడా చూశాను.

కుర్చీలో కూర్చున్న మా బాపు నవ్వాడు. ముప్పై ఏళ్ళు బొగ్గుబాయిలో తిరిగిన ఊపిరి కదా, ఆయన నవ్వు ఎప్పుడూ దగ్గుతోనే ముగుస్తుంది. దగ్గు ఆగాక మనవరాలిని దగ్గరికి తీసుకుని కళ్ళు తుడిచాడు.

"మీ అమ్మ నీ అంతున్నప్పుడు గీ కాయలతోని ఏమైందో చెప్పాల్నా?" అన్నాడు.

ఆ కథ నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. ప్రతిసారీ ఒక్క మాట కూడా మార్చకుండా చెబుతాడు. అందులో నేను మహా మంచి పిల్లను. అది మొదలైందంటే చాలు, ఏదో పని కల్పించుకుని నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఈసారి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో చెప్పాలంటే ముందు ఆ చెట్టు సంగతి చెప్పాలి.

అప్పట్లో మేం గోదావరిఖని పక్కన కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. బెల్లంపల్లిలో బాపు పనిచేసే బాయి మూతపడితే ఇటు బదిలీ చేశారు. వరుసకు పది ఇళ్ళు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. మా ఇంట్లో పోపు వేస్తే పక్కింట్లో తుమ్మేవాళ్ళు. ఇంటి ముందు నాలుగు మంచాలు పట్టేంత జాగా. దానికి అందరూ అరిగిపోయిన రబ్బరు బెల్టు ముక్కలతో కంచె కట్టుకునేవాళ్ళు. బాయిలోంచి బొగ్గును మోసుకొచ్చే ఆ బెల్టు, పని అయిపోయాక కోళ్ళు రాకుండా మా కొత్తిమీరకు కాపలా కాసేది. సాయంత్రమైతే వరుసంతా బొగ్గుల పొయ్యిలు బయట పెట్టి రాజేసేవాళ్ళు. ఆ పొగ వాసనలో చారు వాసన, సబ్బు వాసన, డ్యూటీ బట్టల చెమట వాసన కలిసిపోయి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు పొగ తగిలితే నాకు ఆకలేస్తుంది.

ఇక దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. మా అమ్మ తెల్లచీర కట్టినట్టు నాకు గుర్తే లేదు.

బాపు పని భూమి లోపల కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టడం. అంతకన్నా ముందు కప్పు గట్టిగా ఉందో లేదో చూడాలి. పొడుగాటి ఇనుప రాడ్డుతో పైకప్పును కొట్టి చప్పుడు వింటారు. గట్టి కప్పు ఖంగుమంటుంది, వదులు కప్పు డొల్లగా పలుకుతుంది. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు ఆయనకు. కుండలు, గుమ్మడికాయలు, కొత్త తలుపులు అన్నీ వేలితో కొట్టి చెవి పెట్టేవాడు. లెక్కల్లో నాకు మార్కులు తక్కువ వస్తే నా తలమీద రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి విని, "గిది వదులున్నది, దిమ్మె వెట్టాలె" అనేవాడు.

కానీ ఒక్క విషయంలో మాత్రం ఆటలు లేవు. అన్నం తినేటప్పుడు ఎన్నిసార్లు చెప్పాడో. బాయిలో కప్పు కూలేముందు సన్నగా చప్పుడు చేస్తుందట, వాళ్ళు దాన్ని కప్పు మాట్లాడటం అంటారు. "విన్నోడు ముందుగాల ఒర్రి అందరికి చెప్పాలె. తప్పు విని ఒర్రినా ఎవడు ఏమనడు. విని ఊకున్నోన్ని మాత్రం మల్ల ఎవడు పక్కకు రానియ్యడు" అనేవాడు. ఒకసారెప్పుడో తనే, నలుగురూ నవ్వుతారని ఊరుకున్నాడట. తర్వాత ఏమైంది బాపూ అని అడిగితే పళ్ళెంలోకి చూస్తూ అన్నం కలుపుకునేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ సైకిలు హ్యాండిలుకు ఒక మొక్క తగిలించుకుని వచ్చాడు. గని తవ్వి పోసిన మట్టి గుట్టలమీద చెట్లు పెంచే కంపెనీ నర్సరీలో మాలి ఒకాయన ఇచ్చాడట. ముదురాకుపచ్చ ఆకులు, సన్నటి ముళ్ళు, మూరెడు పొడుగు. దానికి ఏదో ఇంగ్లీషు పేరు కూడా చెప్పాడట గానీ సైకిలు దిగేసరికే బాపు మర్చిపోయాడు. అమ్మ ఆ జాగాలో చిక్కుడు పెట్టాలని గింజలు నానబెట్టుకుని కూర్చుంది. బాపును కన్నతల్లి, మా బాపమ్మ, గడపలో కూర్చుని మొక్కను కిందికీ మీదికీ చూసి, ఇది కాస్తదా అని అడిగింది. కాస్తది గానీ తినరాదు, విషం, పిల్లలు నోట్లో పెట్టుకోవద్దని మాలి మరీ మరీ చెప్పాడని బాపు అన్నాడు.

"తినరాని కాయ కాసే చెట్టు ఇంట్లెందుకురా?" అంది బాపమ్మ.

"పొద్దంత నలుపే చూస్తున్ననే. ఇంటికొస్తే కంటికి ఇంకో రంగు గావాలె" అన్నాడు బాపు.

ఆ మాటకు అమ్మ లోపలికి వెళ్ళి చిక్కుడు గింజలు కూరకు పడేసింది.

ఆ మొక్కను పెంచడం మా ఇంటిల్లిపాదికీ పని అయింది. గుంత తవ్వితే మట్టికంటే బొగ్గు ముక్కలే ఎక్కువ వచ్చాయి. బాపు గోదారి ఒడ్డునుంచి రెండు సంచుల ఒండ్రు సైకిలు మీద వేసుకొచ్చి నింపాడు. స్నానాల నీళ్ళు దానికే పోయేవి. మేకలకు అడ్డంగా పాత కేబులు చుట్టాం. ఆదివారం ఆదివారం బాపు తడిగుడ్డ పట్టుకుని ఒక్కొక్క ఆకూ తుడిచేవాడు, నేను బకెట్లో గుడ్డ పిండి ఇచ్చేదాన్ని. నీళ్ళు నల్లగా అయ్యేవి, ఆకులు పచ్చగా తేలేవి. దారిన పోయేవాళ్ళు ఆగి, బిడ్డకు తలంటు పోస్తున్నవా అని నవ్వేవాళ్ళు. బాపు కూడా నవ్వేవాడు గానీ చెయ్యి ఆపేవాడు కాదు.

రెండేళ్ళకు పూసింది. లేత ఊదారంగు పూలు, కొమ్మ చివర్లనుంచి కిందికి వాలుతూ. తర్వాత కాయలు. ముందు పచ్చగా, ఆపైన పసుపుగా, బఠాణీ గింజంత నున్నటి పూసలు గుత్తులుగా దిగాయి. మేం దాన్ని పూసల చెట్టు అన్నాం, వరుసంతా అదే పేరు పెట్టుకుంది. బాపు కంచె దగ్గర నిలబడి అటు పక్క నాలుగిళ్ళకూ, ఇటు పక్క నాలుగిళ్ళకూ చెప్పాడు, పిల్లల్ని చూసుకొమ్మని. తర్వాత నన్ను పిలిచి, ఇక నువ్వే దీని కావలి, ఒక్క కాయ ఎవరి నోట్లోకీ పోవద్దు అన్నాడు.

నాకప్పుడు పదేళ్ళు. కావలి ఉద్యోగం నాకు బాగా తలకెక్కింది. పిగిలిపిట్టలు వచ్చి కాయలు పొడుచుకు తింటుంటే వాటిని కూడా అదిలించేదాన్ని, అవి చచ్చిపోతాయేమోనని. మా వరుసలో నాతో పడని ఒక పిల్లకు, ఆ గింజ మింగితే చెవుల్లోంచి కొమ్మలు వస్తాయని చెప్పాను. ఆ పిల్ల రెండు రోజులు చెవులు మూసుకుని పడుకుందట. వాళ్ళమ్మ వచ్చి మా గుమ్మంలో నన్ను చెడామడా తిట్టింది. భయం పెట్టడం నా డ్యూటీ అనుకున్నాను మరి.

మా గోడకు అటువైపు ఇంట్లో ఖాలా ఉండేది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, అందరికీ ఆమె ఖాలాయే. భర్త వర్క్‌షాపులో మెకానిక్కు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవాళ్ళు, మాతో మాత్రం మా తెలుగే. ఆ ఏడు కోడలు రెండో కాన్పుకు పుట్టింటికి వెళ్తూ రెండేళ్ళ పిల్లను ఖాలా దగ్గర వదిలి వెళ్ళింది. ఆ పిల్ల మున్నీ. దానికి నడక వచ్చిందే మా ఇంట్లో. పొద్దున లేస్తే నా చంక ఎక్కేది, రాత్రి నిద్రకు తప్ప దిగేది కాదు. నా నడుముకు ఒక పక్క వంకర వచ్చిందని బాపమ్మ గొణిగేది.

మున్నీకి ఒకటే భయం, బ్లాస్టింగు. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో రోజూ మధ్యాహ్నం రెండింటికి బండలు పేల్చేవాళ్ళు. ముందు సైరన్ కూసేది, కాసేపటికి భూమి కింద ఎవరో దొర్లినట్టు అయ్యేది, అలమరలో గిన్నెలు గలగలమనేవి. మాకు అది గడియారం. ఆ చప్పుడుకు ఎంత గాఢనిద్రలో ఉన్నా మున్నీ ఉలిక్కిపడి లేచి ఏడ్చేది. ఎవరో ఒకరు ఎత్తుకుని గుమ్మంలో అటూ ఇటూ తిప్పాలి. ఆ పని కూడా నాదే.

బతుకమ్మ పండుగ వచ్చింది. ఆ మొదటి రోజు బాపుకు రెండో షిఫ్టు పడింది, పూలకు పోయేవాళ్ళు లేరు. గునుగు, తంగేడు కావాలంటే మట్టి గుట్టలు దాటి చాలా దూరం పోవాలి. పక్కవాళ్ళు ఇచ్చిన పూలన్నీ అమ్మ పేర్చిన పెద్ద బతుకమ్మకే సరిపోయాయి. పక్కన పెట్టే తోడు బతుకమ్మ నాది, దానికి పై వరుసలకు పూలు లేవు. నేను పూసల చెట్టు దగ్గరికి వెళ్ళాను. ఊదా పూలు ఒక వరుస. ఆపైన దారానికి ఇరవై ఒక్క పసుపు కాయలు గుచ్చి చుట్టాను. నోట్లోకే కదా పోవద్దన్నది, బతుకమ్మ మీదికి పోతే ఏమిటి అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆడే చోట అందరూ నా బతుకమ్మనే చూశారు. ఎవరెవరో వంగి ఆ పూసలను ముట్టుకున్నారు. ఆ గర్వం ఇంకా గుర్తుంది నాకు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా. బాయిలోంచి తోడిన నీళ్ళు పారే కాలువ ఒకటి ఉండేది, బతుకమ్మలను అందులోనే వదిలేవాళ్ళం. నా వంతు వచ్చేసరికి ఆ మసి నీళ్ళలో నా పూసలు కొట్టుకుపోవడం నాకిష్టం లేకపోయింది. ఎవరూ చూడకుండా దండ లాగేసుకుని మిగతాది వదిలాను. అమ్మవారికి పెట్టింది వెనక్కి తీసుకోకూడదని నాకు తెలుసు. గట్టు మీద బాపమ్మ కనిపించేసరికి, చేతిలో ఉన్న సత్తుపిండి డబ్బా మూత తీసి దండను పిండిలోకి తోసేశాను.

మక్కలు వేయించి విసిరి, బెల్లం, నెయ్యి కలిపి అమ్మ చేసే సత్తు అది. పసుపుపచ్చగా ఉంటుంది. ఇంటికి వచ్చి నాలుగు అన్నం ముద్దలు మింగి, అలసిపోయి పడుకున్నాను. దండ సంగతి మరిచిపోయాను.

పొద్దున లేచేసరికి బాపు లేడు. షిఫ్టు మార్చుకున్నాడట, తెల్లవారుజామునే మొదటి షిఫ్టుకు వెళ్ళిపోయాడు. అమ్మ ఆ డబ్బాలోంచే గిన్నె నిండా సత్తు పెట్టి ఖాలాకు ఇచ్చి రమ్మంది. ఏ పండుగైనా గిన్నె అటు పోయేది, వాళ్ళ పండుగకు అటునుంచి సేమ్యా వచ్చేది. ఇచ్చి వచ్చాను. పదింటి వేళ దండ గుర్తొచ్చి డబ్బా తీశాను. దారం తెగి ఉంది. పిండి అంతా పళ్ళెంలో పోసి ఏరాను. పద్దెనిమిది. మళ్ళీ ఏరాను, జల్లెడ పట్టాను. పద్దెనిమిదే.

ఖాలా ఇంటికి పరుగెత్తాను. గిన్నె కడిగి, మా ఇంటికి తిరిగి పంపడానికి అందులో చక్కెర పోసి పెట్టి ఉంది. మున్నీ నేలమీద కూర్చుని వేళ్ళు నాకుతోంది. మూతి నిండా సత్తు. అంతా అదే తిన్నదని, తనను రెండు ముద్దలు కూడా తిననివ్వలేదని ఖాలా మురిసిపోతూ చెప్పి కుట్టుమిషను ముందు కూర్చుంది. నేను మంచం కింద, చాప కింద, మూలల్లో చేతులతో తడిమాను. ఏం పోయింది బేటీ అని ఖాలా అడిగింది. ఏం లేదన్నాను.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ చెబితే కాయలు సత్తులోకి ఎలా వచ్చాయో చెప్పాలి, అమ్మవారి మీదినుంచి తీసుకున్నానని చెప్పాలి, కావలి ఉన్నదాన్నే తెంపానని చెప్పాలి. చెట్టును కొట్టేస్తారు. బాపు ఇక నా ముఖం చూడడు. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి తోసుకొచ్చాయి. అసలు తిన్నదో లేదో, కాయలు ఇంకెక్కడైనా పడ్డాయేమో, కొంచెం చూద్దాం అనుకున్నాను. ఆ కొంచెం చూద్దాం నన్ను ముంచింది.

మున్నీని ఎత్తుకుని మా ఇంటికి తెచ్చాను. కక్కిద్దామని నోట్లో వేలు పెడితే కసుక్కున కొరికింది. ఉప్పునీళ్ళు తాగిస్తే నా గౌను మీద ఊసింది. మజ్జిగ తాగింది, నవ్వింది, పిల్లి వెంట పడింది. నాకు ప్రాణం లేచివచ్చింది. పిగిలిపిట్టలు తిని బతుకుతున్నాయి కదా అనుకున్నాను. మనసు ఆగక, గడపలో చిక్కుళ్ళు ఒలుస్తున్న బాపమ్మను, ఆ కాయ తింటే ఏమవుతుందని మామూలుగా అడిగినట్టు అడిగాను.

"ఏమో బిడ్డా. మా ఊర్ల ఒక మేక తెల్వని ఆకు మేసింది. మంచిగనే ఆడింది. గంతల్నే పండుకున్నది. మల్ల లెవ్వలే" అంది బాపమ్మ, చిక్కుడుకాయ మీదినుంచి చూపు ఎత్తకుండా.

వెనక్కి తిరిగి చూస్తే మున్నీ ఆవులిస్తోంది.

అది రోజూ పడుకునే వేళే. కానీ ఆ రోజు నేను దాన్ని పడుకోనివ్వలేదు. చప్పట్లు కొట్టాను, కితకితలు పెట్టాను, ముఖం మీద నీళ్ళు చల్లాను. నిద్ర మీద చిరాకుతో అది ఏడుస్తుంటే ఖాలా వచ్చి, ఎందుకు సతాయిస్తున్నవ్ దాన్ని అని మందలించి, తీసుకెళ్ళి వాళ్ళ మంచం మీద పడుకోబెట్టింది. నేను వెంట వెళ్ళి పక్కనే కూర్చున్నాను. ముక్కు దగ్గర వేలు పెట్టాను. వేడిగా గాలి తగిలింది. కొంచెం సేపు ఆగి మళ్ళీ పెట్టాను. ఖాలా మిషను తొక్కుతోంది. ఆ చప్పుడులో ఊపిరి వినిపించక, దాని ఛాతీమీద చెవి పెట్టాను. ఏ చప్పుడు గట్టిదో ఏది డొల్లో నాకేం తెలుసు. బాపు ఉంటే వినేవాడు. ఆయన భూమి లోపల ఉన్నాడు.

గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాను. చెప్పడం అంతకంతకూ కష్టమైపోయింది. పొద్దున చెబితే ఒక తప్పే. ఇప్పుడు చెబితే పొద్దున ఎందుకు చెప్పలేదంటారు. నేను మొదటినుంచీ ఫికరు మనిషినే, అమ్మ బజారునుంచి ఆలస్యంగా వస్తే ఏడ్చే రకం. చివరికి నేనొక గడువు పెట్టుకున్నాను. బ్లాస్టింగుకు మున్నీ లేస్తుంది. ఏ రోజూ లేవకుండా లేదు. లేచి ఏడిస్తే దానికేం కాలేదు, ఎవరికీ చెప్పనక్కరలేదు. లేవకపోతే చెబుతాను.

సైరన్ కూసింది. నేను మున్నీ కనురెప్పల వైపే చూస్తున్నాను. భూమి కదిలింది. అలమరలో గిన్నెలు గలగలమన్నాయి, మంచం కోళ్ళు ఊగాయి, పైనుంచి సున్నం పొడి రాలి దాని చెంప మీద పడింది.

మున్నీ లేవలేదు.

మిషను ఆగింది. ఖాలా కూడా ఇటే చూస్తోంది. రోజూ వచ్చే ఏడుపు రాలేదని ఆమెకూ తట్టింది.

"ఖాలా, మున్నీ చెట్టు కాయలు తిన్నది. సత్తుల ఉండె. నేనే ఏసిన" అన్నాను.

"ఎన్ని?"

"మూడు."

ఆమె పిల్లను భుజాన వేసుకుని, చెప్పులు లేకుండా ఎండలోకి పరుగెత్తింది. నాలుగిళ్ళ అవతల ఆటో ఉంటుంది, అందులో ఎక్కింది. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. నేను వెనక ఎక్కాను. దవాఖాన దాకా మున్నీ చెయ్యి సీటు పక్కనుంచి వేలాడుతూనే ఉంది, నేను దాన్ని పట్టుకోవడానికి కూడా భయపడ్డాను.

దవాఖానలో ఎప్పుడు తిన్నదని అడిగితే పదింటికి అని ఖాలా ఉన్నదున్నట్టు చెప్పింది. లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూశారు. కాసేపటికి నర్సు బయటికి వచ్చి, వాంతిలో పసుపు తొక్కలు వచ్చాయని, మత్తు ఉందని, సాయంత్రం దాకా ఏమీ చెప్పలేమని అంది. ఖాలా బల్లమీద కూర్చుని పెదవులు కదుపుతూ ప్రార్థన చేస్తోంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. కూర్చునే హక్కు నాకు లేదనిపించింది.

మూడున్నరకు బాపు వచ్చాడు. బాయినుంచి ఇంటికి, ఇంటినుంచి అవే బట్టల మీద దవాఖానకు. ముఖం కడుక్కున్నా కళ్ళ చుట్టూ బొగ్గు కాటుక పెట్టినట్టే ఉంది. కాయలు సత్తులోకి ఎలా పోయాయో నేను చెబితే అంతా విన్నాడు. దండ గురించి విన్నాడు. వాటి జోలికి పోలేదు. నా ముందు గొంతుకూర్చుని ఒక్కటే అడిగాడు.

"నీకెప్పుడు ఎరికైంది?"

నేను నోరు తెరిచాను. పొద్దున అనే మాట పెదాలదాకా వచ్చింది. దానికంటే ముందు నా వెనకనుంచి ఖాలా మాట్లాడింది.

"గిప్పుడే చూసింది భాయ్. చూసిన వెంబడే ఉరికొచ్చి చెప్పింది."

బాపు ఊపిరి వదిలాడు. నా తలమీద చెయ్యి వేశాడు. "తప్పు చేసినవ్. గని జల్ది చెప్పినవ్. మంచిపని చేసినవ్ బిడ్డా" అన్నాడు. ఆ చెయ్యి ఎంత బరువుందో నేను చెప్పలేను. లేదు బాపూ అందామనుకున్నాను. అనలేదు. ఖాలా వైపు తిరిగి చూస్తే ఆమె మళ్ళీ ప్రార్థనలో ఉంది.

దీపాలు పెట్టే వేళకు లోపలనుంచి ఏడుపు వినిపించింది. బ్లాస్టింగుకు రావాల్సిన ఏడుపు నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చింది. ఖాలా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను వెళ్ళి బల్ల చివర కూర్చున్నాను.

ఇంటికి రాగానే బాపు గొడ్డలి తీసుకుని చెట్టును మొదలంటా కొట్టేశాడు. ఎవరూ ఆపలేదు. ఇన్నాళ్ళూ దెప్పిన బాపమ్మ కూడా ఏమీ అనకుండా కొమ్మలు పోగుచేసింది. అయినా ఆ చెట్టు చావలేదు. వానలకు మోడునుంచి చుట్టూ చిగుళ్ళు వేసింది. పీకేద్దామని కూర్చున్న బాపు చెయ్యి రాక అలాగే ఉండిపోయాడు. దానికి కాయలు రానివ్వకుండా పెంచుదాం అన్నాడు చివరికి. నడుము ఎత్తు దాటనిచ్చేవాడు కాదు. ఆదివారం ఆకులు తుడవడం ఆయన పని, మొగ్గ కనిపిస్తే గిల్లేయడం నా పని. ఎనిమిదేళ్ళు గిల్లాను. ఎక్కడో ఆకుల వెనక ఒకటి దాక్కుని కాయ అయిందేమోనని బడిలో కూర్చున్నా నా మనసు కంచె దగ్గరే ఉండేది.

బాపు మాత్రం ఆ కథను బాయిలో చెప్పాడు, కాలనీలో చెప్పాడు, మా బెల్లంపల్లి చుట్టాలకు చెప్పాడు. కొత్తగా పనిలో చేరిన పిల్లలకు, నా బిడ్డ పదేండ్లది, ఎరికైన నిమిషమే ఒర్రింది, మీకేమైందిరా అని చెప్పేవాడట. రిటైరయిన రోజు దండలతో ఊరేగించి ఇంటికి తీసుకొచ్చినప్పుడు, చేతికిచ్చిన మైకులో కూడా చెప్పాడు. అందరూ నావైపు చూసి చప్పట్లు కొట్టారు. అక్కడే కుర్చీలో ఖాలా ఉంది. ఆమె కూడా కొట్టింది.

క్వార్టరు ఖాళీ చేసే రోజు సామాను కట్టడానికి ఖాలా వచ్చింది. గోడలమీద కొత్త రాష్ట్రం కోసం రాసిన రాతలు ఇంకా మాయని రోజులవి. గిన్నెలకు పాత చీర చుడుతూ ఇద్దరమే ఉన్నప్పుడు, ఎందుకలా చెప్పావు ఖాలా అని అడిగాను. ఏ సంగతో చెప్పనక్కరలేకపోయింది.

"నువ్వు పొద్దుగాల మంచం కింద దేవులాడినప్పుడే చూసిన. చెవికమ్మ పడ్డదేమో అనుకున్న. నీ మొఖం చూస్తే గట్ల లేకుండె. అయినా నేను మల్ల అడగలే, మిషను మీద కూసున్న. నిన్నొక్కదాన్ని ఎట్ల పట్టియ్యాలె బేటీ?" అంది.

తర్వాత కొన్నేళ్ళకు ఖాలా పోయింది. ఆ మాట తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

ఇదంతా నేను మోస్తూ ఉండగానే మొన్నటి ఆదివారం బాపు కథ చివరికి వచ్చింది. ఎరికైన నిమిషమే, అన్నాడు. నా కూతురు మెడలో దండను చేత్తో పట్టుకుని నావైపు చూసింది.

"నిజంగా వెంటనే చెప్పావా అమ్మా?"

"లేదు. నాలుగు గంటలు ఆగాను" అన్నాను.

బాపు విన్నాడో లేదో అనుకున్నాను. విన్నాడు. కుర్చీ చేతిమీద ఆయన వేలు ఊరికే రెండుసార్లు కొట్టుకుంది. బ్లాస్టింగు దాక ఆగినవా అని అడిగాడు. ఆగానన్నాను. ఖాలాకు తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. మంచం కింద వెతికిన సంగతి, గిన్నెలు కడుతూ ఖాలా అన్న మాట, అన్నీ చెప్పాను. ఇక నన్ను పక్కకు రానివ్వడనుకున్నాను.

"గామెకు ఫోన్ కలుపు" అన్నాడు బాపు.

"ఖాలా లేదు గద బాపూ."

ఆయనకు తెలియక కాదు. తువ్వాలతో ముఖం తుడుచుకుని, "మున్నీ ఉన్నది గద" అన్నాడు.

నంబరు నొక్కాను. మోగింది. మోగుతూనే ఉంది. ఎవరైనా ఎత్తడానికి అంతసేపు పడుతుంది, అది నాకూ తెలుసు. అయినా ఒక్కొక్క మోతనూ లెక్కపెట్టాను. బాపు కుర్చీలో ముందుకు వంగి ఫోను వైపు చెవి పెట్టాడు. ఆగిపోతుందనుకున్న క్షణంలో అటునుంచి పెద్ద ఆవులింత వినిపించింది.

"పండుకున్ననక్కా. ఏమైంది?" అంది మున్నీ.